చీమలకు హుకుం ఇచ్చేదెవరు?

బెల్లం డబ్బా దగ్గర చీమల బారు చూసినప్పుడల్లా మా నానీమా, "వీటికి ముందర ఒక సర్దార్ ఉంటాడు రా బేటా" అనేది. చాలామంది ఖయాల్ అదే. రాణి చీమ లోపల కూర్చుని హుకుం జారీ చేస్తుందని, మిగతావన్నీ ఆమె ఫౌజ్ అని. నిజానికి రాణి పని గుడ్లు పెట్టడమే. మరి బెల్లానికి దగ్గరి రాస్తా ఏదో చీమలకు చెప్పేదెవరు? దీనికి జవాబ్ వెతికిన కిస్సా చివరికి కంప్యూటర్ దాకా పోయింది.

ఫ్రాన్స్‌లో పియేర్-పాల్ గ్రాసే అనే ఆలిమ్ చెదపురుగులు పుట్ట కట్టడం చూసి 1959లో ఒక మాట రాశాడు. అక్కడ మేస్త్రీ లేడు. ఒక పురుగు పెట్టిన మట్టిముద్దే తర్వాత వచ్చేదానికి "ఇక్కడే పెట్టు" అనే ఇషారా. ఈ తరీఖాకు ఆయన 'స్టిగ్మర్జీ' అని పేరు పెట్టాడు. అమెరికాలో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న ఫైన్‌మన్ కూడా తన ఇంటి స్నానాల తొట్టిలో చక్కెర పెట్టి, చీమ నడిచిన దారంతా రంగు పెన్సిల్‌తో గీస్తూ కూర్చున్నాడట. అంత పెద్ద దిమాగ్‌కు అంత చిన్న షౌక్!

అసలు తజుర్బా బ్రస్సెల్స్‌లో జరిగింది. 1989-90 ప్రాంతంలో జాఁ-లూయీ దెనూబూర్, ఆయన సాథీలు అర్జెంటీనా చీమల గూటికీ తిండికీ మధ్య ఒక వంతెన పెట్టారు. మధ్యలో అది రెండు పాయలుగా చీలుతుంది. రెండూ బరాబర్ పొడవు. చీమలు చెరి సగం అవుతాయని మనం అనుకుంటాం. కాలేదు. కాసేపటికి దాదాపు అన్నీ ఒకే పాయ పట్టాయి. ఒకసారి కుడిది, ఇంకోసారి ఎడమది. ఏది అన్నది ఫఖత్ ఇత్తెఫాక్!

ఎందుకంటే చీమ నడుస్తూ నేల మీద ఫెరోమోన్ అనే వాసన వదుల్తుంది. ఎక్కువ వాసన ఉన్నవైపు వెనకటి చీమ మొగ్గుతుంది. దీన్ని వాళ్లు ఒక చిన్న హిసాబ్‌లో పెట్టారు. ఒక్కో పాయ మీద ఇంతవరకు పోయిన చీమల లెక్కకు 20 కలుపు, వర్గం చెయ్యి, రెండిటినీ పోల్చు. అంతే. నేను కాగితం మీద వేసి చూశాను. ఎవరూ పోనప్పుడు సగం సగం. ఎడమన 10, కుడిన సున్నా అయితే 900కి 400; తర్వాతి చీమ ఎడమకు పోయే అవకాశం నూటికి 69. ఎడమన 100, కుడిన 20 అయితే నూటికి 90. ఈ ఒక్క లైనును కంప్యూటర్‌లో వేల చీమలకు ఇస్తే, తెర మీద అచ్చం ఆ వంతెన మీది తమాషాయే కనబడుతుంది. ఏ చీమకూ రాస్తా తెలీదు. గుంపుకు తెలిసినట్టు అవుతుంది. (అందరూ పోతున్నారని మనమూ అటే పోయే హిసాబ్ మన షాదీ ఖర్చుల్లో లేదా చెప్పండి.)

పాయల్లో ఒకటి రెండింతలు పొడవుగా ఉంటే? పొట్టి దారిన పోయినవి తిండితో ముందే తిరిగొస్తాయి. చీలిక దగ్గర ఆ వాసన ముందుగా చిక్కబడుతుంది. ఎక్కువసార్లు గుంపంతా అటే. కొలిచే చీమ లేకుండానే కొలత జరిగిపోయింది.

ఇక్కడే మిలాన్‌లో మార్కో డోరిగో అనే నౌజవాన్‌కు ఇల్హామ్ లాంటిది కలిగింది. ఎన్నో ఊళ్లు తిరిగి ఇంటికి రావాల్సిన సౌదాగర్‌కు అన్నిటికన్నా పొట్టి దారి ఏది అనే పాత లెక్కను, 1991లో ఈ కంప్యూటర్ చీమలకు అప్పగించాడు. బాగానే చేశాయి. కాని ఆ చీమకు తిరిగిన ఊళ్ల జాబితా యాద్ ఉంటుంది, దూరం లెక్క తెలుసు. నా నజర్‌లో అది చీమ కాదు, చీమ పేరు పెట్టుకున్న మునీమ్. పనికొచ్చే ప్రోగ్రామ్ వేరు, అసలు చీమలా నడిచే ప్రోగ్రామ్ వేరు. మొదటిదానికి ఇనాములొస్తాయి, రెండోదానికి సబర్ కావాలి.

తేడా ఎక్కడ బయటపడిందంటే, బ్రస్సెల్స్ వాళ్లు ముందు పొడుగు పాయ ఒక్కటే ఇచ్చి, అర్ధగంట తర్వాత పొట్టిది తెరిచారు. అర్జెంటీనా చీమలు పొడుగుదాన్నే పట్టుకుని పోయాయి. పాత వాసన అంత తొందరగా ఆరదు. డోరిగో తన ప్రోగ్రామ్‌లో ప్రతి చుట్టుకూ కొంత వాసన ఆవిరయ్యేలా రాసి, ఈ జిద్‌ను తప్పించాడు. అసలు చీమకు ఆ సహూలత్ లేదు.

అయితే యూరప్ తోటల్లోని నల్ల చీమ, లాసియస్ నైజర్, అలా ఇరుక్కోదు. 1992లో బెకర్స్, దెనూబూర్, గాస్ దాని రాజ్ పట్టుకున్నారు. పోవాల్సిన దిక్కు నుంచి దారి మరీ పక్కకు లాగితే, ఆ చీమల్లో కొన్ని మధ్యలోనే వెనక్కి తిరుగుతాయి. వాసన ఉన్నా సరే. దాన్ని తెర మీద నడిపించాలంటే పాత హిసాబ్ ఒక్కటే చాలదు. చీమ తనంతట తాను వెనక్కి తిరిగే ఆ షర్త్ కూడా రాయాలి.