వార్డ్రోబు అను గది చరిత్ర

బట్టల బీరువాను నేడు మనవారును వార్డ్రోబు అని పిలుచుచున్నారు. మధ్యయుగపు ఇంగ్లండులో ఇది బీరువా పేరు గాదు, గది పేరు. ఉద్యోగకాలమంతయు లెక్కల పుస్తకముల నడుమ గడపిన మాకు ఈ పదచరిత్ర మిక్కిలి ఆసక్తికరముగా తోచినందున, పాఠకమహాశయులకు సంగ్రహముగా మనవి చేయుచున్నాము.

1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట ఫ్రెంచి పదములు పెక్కు ఆ దేశభాషలో చేరినవి. కాపాడుట యను అర్థముగల 'గార్డు' శబ్దమును ఉత్తర ఫ్రాన్సువారు 'వార్డు' అని పలికెడివారు. దానికి వస్త్రమను అర్థముగల 'రోబు' చేరి వార్డ్రోబు అయినది. అనగా, పడకగది ప్రక్కన వస్త్రములను, విలువగల వస్తువులను భద్రపరచు లోపలి గది.

రాజుగారి వస్త్రములున్న చోటికే ధనపు పెట్టెలును, దస్తావేజులును చేరినవి; వాటిని చూచు గుమాస్తాలును చేరిరి. మొదటి ఎడ్వర్డు కాలమునకు (1272-1307) ఆ గది పేరే ఒక ప్రభుత్వ శాఖ పేరయ్యెను. వేల్సు, స్కాట్లండు యుద్ధముల వ్యయములో అధికభాగము ఆ శాఖ చేతిమీదుగనే జరిగెను. దేశపు ఖజానాయగు ఎక్స్చెకరు వేరొక కార్యాలయము. సుంకముల సొమ్ము అచటికి పోక, నేరుగా రాజుగారి లోపలి గదికి చేరుటను ప్రభువులు సహింపలేదు. అది ఎక్స్చెకరునకే చెల్లవలెనని 1311 నాటి శాసనములలో రెండవ ఎడ్వర్డునకు విధించిరి. రాజ్యపు సొమ్ము పదిమంది ఎరిగిన పద్దులో నుండవలెనా, ఏలిక ఏకాంతమందిరమున నుండవలెనా యనునదే ఆ వివాదమునకు మూలము.

ఈ పదమునకు మరియొక అర్థము కలదు: మరుగుదొడ్డి. చాసరు మహాకవి కాంటర్బరీ కథలలో ఒక సన్యాసిని చెప్పు కథ యున్నది. యూదులపై లేని నింద మోపిన కథ యది. అందు హతుడైన బాలుని కళేబరమును వార్డ్రోబులో పడవేసిరని కలదు. నేటి అర్థముతో చదువువారు బట్టల బీరువా యని భ్రమింతురు. చెప్పుటకు సంకోచించు విషయమునకు చోటి పేరును చాటు చేసికొనుట మనకును అలవాటే. పెరడు అను అర్థముగల 'దొడ్డి' శబ్దము మన నోట 'దొడ్డికి పోవుట' యైనది గదా!

రాజుగారి వస్త్రశాఖకు లండనులో నుండిన భవనము 1666 నాటి మహాగ్నికి ఆహుతియయ్యెను. సమీపముననున్న సెయింట్ ఆండ్రూ దేవాలయము మాత్రము నేటికిని తన పేరులో వార్డ్రోబును నిలుపుకొనియున్నది. కాలమెరుగక పదమునకు అర్థము చెప్పుట, సంవత్సరము చూడక పద్దు చదువుట వంటిదని మా అభిప్రాయము.