పలాస పప్పులో ఎవరి వాటా ఎంత?

మార్కెటింగ్ చదివినవాళ్ళకి 1956 గుర్తుండాలి. కొనేవాళ్ళందర్నీ ఒకే గాటన కట్టకుండా, గుంపులుగా విడదీసి ఎవరికి తగ్గ సరుకు వాళ్ళకి పెట్టాలని వెండెల్ స్మిత్ ఒక అమెరికన్ పత్రికలో రాసిన ఏడాది అది. నాకు ఆ పాఠం ఒంటబట్టింది మాత్రం పలాసలో, జీడిపప్పు ఏరే ఆడవాళ్ళని చూశాకే.

పోర్చుగీసువాళ్ళు బ్రెజిల్ నుంచి మన దేశానికి తెచ్చిన జీడిమామిడి, ఉద్దానం ఇసుక నేలల్లో కొబ్బరి పక్కన కుదురుకుంది. పిక్క కొట్టి, పొట్టు తీశాక ఏరుడు మొదలవుతుంది. డబ్ల్యూ 180, 240, 320 అని డబ్బాల మీద చూసే ఉంటారు. పౌండుకి ఎన్ని గుళ్ళు తూగుతాయో చెప్పే లెక్క అది. అంకె పెరిగేకొద్దీ గుండు చిన్నది, ధర తక్కువ. కిలోల్లో కొనే మనకి పౌండు లెక్కేమిటో! ఎగుమతి మార్కెట్టు వదిలిపోయిన గుర్తు.

పెద్ద గుళ్ళు పండగ కానుకల పెట్టెల్లోకి, బద్దలు మిఠాయి కొట్లకి, నూక మన ఇళ్ళ పాయసాల్లోకి. పప్పుతో పాటు తినేవాళ్ళనీ ఏరుతున్నట్టే కదా.

మరి ఏరే మనిషిది ఏ గుంపు? తోట రైతుది? స్మిత్ తర్వాత వచ్చిన పాఠ్యపుస్తకాల్లో నేను చూసినంతవరకూ వాళ్ళకి గడి లేదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో జీడి, కొబ్బరి చెట్లు వేళ్ళతో సహా కూలాయి. ఫ్యాక్టరీలకి ఆఫ్రికా నుంచైనా పిక్కలొస్తాయి. రైతు నాటిన కొత్త మొక్క కాపుకి రావడానికి మాత్రం ఏళ్ళు పడుతుంది.