తుపాకి మడమ కింద చీటీ

పోయిన వేసవిలో మా అబ్బాయి దగ్గరికి బెర్న్ వెళ్ళినప్పుడు, కింది వాటాలోని పెద్దాయన తన గది చూపించారు. గోడల నిండా స్విస్ సైన్యం వాడి వదిలేసిన సామాను: గొంగళ్ళు, తూటాల సంచులు, తుపాకులు. హోసూరులో పుట్టి పెరిగిన నాకు తుపాకి అంటే బ్యాంకు కావలివాడి భుజాన చూసిందే. 1847 నాటి అంతర్యుద్ధమే వీళ్ళ ఆఖరి యుద్ధం. మరి ఇవి ఏం చరిత్ర చెబుతాయి అనుకున్నాను.

తోలు సంచి చేతికిచ్చారు. దానిమీద కుట్టినవాడి పేరు, ఊరు, సంవత్సరం అచ్చుగుద్ది ఉన్నాయి. ఏ పల్లెలో ఏ తోలుపనివాడికి సర్కారు పని దొరికిందో చెప్పే శాసనమన్నమాట!

తరువాత కె-31 రైఫిలు. 1933 నుంచి 1958 వరకు సుమారు 5,28,000 చేశారు. దీని బోల్టును పైకి తిప్పనక్కరలేదు. తిన్నగా వెనక్కు లాగి ముందుకు తోస్తే చాలు. అక్కడ సిపాయి తన ఆయుధాన్ని ఇంట్లోనే ఉంచుకుంటాడు. కొలువు ముగిశాక సొంతం చేసుకునే వీలూ ఉంది; అలాంటి తుపాకి మీద 'పి' అనే ముద్ర వేస్తారు. మిగిలినవి అంగళ్ళకు చేరాయి. 2000 ప్రాంతంలో అమెరికాలో నూరు డాలర్లకు అటూఇటూగా దొరికేవి.

మడమకున్న ఇనుపరేకు మరలు రెండూ విప్పితే, ఒక్కోసారి లోపల చీటీ ఉంటుంది: సిపాయి పేరు, చిరునామా, దళం. సేకర్తలకు అసలు నిధి అదే. ఆ చిరునామాలకు ఉత్తరాలు రాసి, ముసలి సిపాయిలనుంచి జవాబులు అందుకున్నవాళ్ళున్నారు.

మా పెద్దాయనా రాశారు. ఆయన చీటీ గ్రాబుండెన్ కొండపల్లెది. తుపాకి మీద ముద్ర జర్మనులో ఉంది. జవాబు మాత్రం రోమాన్ష్‌లో వచ్చింది. 1938లో ప్రజలు ఓటువేసి నాలుగో జాతీయభాషగా ఒప్పుకున్న చిన్న భాష అది. జర్మను మాట్లాడే ఈయన ఆ ఉత్తరాన్ని ఇంకొకరిచేత చదివించుకోవలసివచ్చింది. (సరిహద్దు తెలుగువాళ్ళం, మనకిది కొత్తా!) రాసింది కూతురు. తండ్రి పోయాడట. తుపాకి వద్దు, ఆయన చేతిరాత ఉన్న చీటీ పంపగలరా అని అడిగింది.

చీటీ లేకపోతే తుపాకి ధర పడిపోతుంది. పదిరోజులు ఆలోచించానని దాచకుండా చెప్పారు. చివరికి పంపించారు. రేకు విప్పి ఆ ఖాళీ నాకు చూపించి, మళ్ళీ మరలు బిగించారు.