జీపు సంతతి

గోల్కొండ రాణి హయత్ బక్షీ బేగంను ప్రజలు 'మా సాహెబా' అన్నారు. ఆమె పేరిటి చెరువే మాసబ్ ట్యాంక్. నేడు అక్కడ నీటికి బదులు వాహనాలున్నవి. వానిలో ఎత్తయిన ఎస్.యు.వి.లు ఎన్నో.

వీటికి మూలపురుషుడు జీపు. 1941లో అమెరికా సైన్యం బాటలేని యుద్ధభూములకై చేయించినది. 1945లో మహీంద్రా సోదరులతో కలిసి సంస్థను నెలకొల్పిన గులాం మహమ్మద్, అంతకు ముందు నిజాం ప్రభుత్వంలో ఆర్థికమంత్రి. ఆ సంస్థ 1947లో మన దేశంలో జీపులు కూర్చనారంభించినది. 2002లో అది తెచ్చిన స్కార్పియో కుటుంబవాహనమైనది.

గోతులకు ఈ బండి జంకదు; ఎత్తున కూర్చున్నవారికి దూరపు దారి చక్కగా కనిపిస్తుంది. కాని ఇంధనవ్యయం అధికం. ఇరుకు సందులలో మలుపు కష్టం. అన్నింటికన్న ముఖ్యం, ఎత్తయిన బానెట్‌కు ఎదుట నిలిచిన పసివాడు కనిపించడు. యుద్ధభూమిలో ఆ పసివాడు లేడు. మన వీధిలో ఉన్నాడు.