కండలోంచి కెంప్‌టైడ్ దాకా: సుబ్బారావు పట్టుకున్న ఫాస్ఫేట్

మందమర్రి నుంచి నేను. ఇవాళ్టి ఎపిసోడ్ కెంప్‌టైడ్ అనే ఒక చిన్న పెప్టైడ్ గురించి. ఏడంటే ఏడు అమైనో ఆమ్లాలు, పూసల్లా వరుసగా గుచ్చినట్టు ఉంటది. ఇది మందు కాదు, జిమ్ సప్లిమెంట్ అంతకన్నా కాదు. ల్యాబ్‌లో వాడే పనిముట్టు. దీని చరిత్ర వెనక్కి తవ్వుకుంటూ పోతే మన భీమవరం తగులుతది.

ముందు దీని పనేంటో చెప్తా. హార్మోన్ రూపంలో కణానికి ఒక కబురు వస్తుంది. ఆ కబురును లోపల అమలు చేసే ప్రోటీన్లలో ఒకటి ప్రోటీన్ కైనేజ్ ఏ. అది ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేట్ తీసి ఇంకో ప్రోటీన్‌కు తగిలిస్తుంది. మా కోడింగ్ భాషలో ఫ్లాగ్ 0 నుంచి 1 అయినట్టు. దాంతో ఆ ప్రోటీన్ పని మొదలుపెడుతుంది, లేదా ఆపేస్తుంది. మరి కైనేజ్ ఎంత జోరుగా పనిచేస్తుందో కొలిచేదెట్లా? 1970లలో బ్రూస్ కెంప్, ఎడ్విన్ క్రెబ్స్ బృందం ఒక కాలేయ ఎంజైమ్‌లో ఫాస్ఫేట్ అంటుకునే చోటు చూసి, ఆ చిన్న ముక్కను మాత్రమే తయారుచేసింది. ఒక్క ఫంక్షన్‌కు టెస్ట్ కేస్ రాసినట్టే! పెప్టైడ్‌కు ఎంత ఫాస్ఫేట్ ఎక్కిందో కొలిస్తే లెక్క తేలిపోతది.

సరే, ఆ ఫాస్ఫేట్ ఇచ్చే ఏటీపీ ఒకటుందని ఎవరు కనిపెట్టారు?

1895లో భీమవరంలో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి, అమెరికాలోని హార్వర్డ్‌కు చేరాడు. అక్కడ సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రచురించాడు. నమూనాలో మాలిబ్డేట్, దానితోపాటు ఇంకో రసాయనం కలిపితే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత ముదిరితే ఫాస్ఫేట్ అంత ఎక్కువ.

కండరాల రసంతో చేసినప్పుడు మాత్రం తేడా కొట్టింది. రంగు వెంటనే రాలేదు, మెల్లగా ముదురుతూ పోయింది. దాన్ని పొరపాటని వాళ్లు వదిలేయలేదు. ఫాస్ఫేట్‌ను పట్టుకుని ఉన్న పదార్థమేదో ఆ ద్రావణంలో మెల్లగా విడిపోతోందని తేల్చారు. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో బయటపెట్టారు. కండ పనిచేస్తే అది తగ్గుతుంది, విశ్రాంతి ఇస్తే మళ్లీ నిండుతుంది. మా సింగరేణి గనుల్లో తట్టా చెమ్మస్‌తో టబ్బులు నింపిన కోల్ ఫిల్లర్ల భుజాల్లో ప్రతి ఎత్తుకూ ఖర్చయిందీ, ఊపిరి తీసుకున్నప్పుడు తిరిగి నిండిందీ ఇదే.

1929లో కండరం నుంచే ఏటీపీ దొరికింది. జర్మనీలో కార్ల్ లోమన్ కొద్దిగా ముందు ప్రకటించాడు, అదే ఏడాది ఫిస్కే, సుబ్బారావు కూడా విడిగా ప్రకటించారు. కాబట్టి సుబ్బారావు ఒక్కడే కనిపెట్టాడనే ఫార్వర్డ్ మెసేజ్‌లు పూర్తి నిజం కాదు. ఆయన గొప్పకు ఆ అతిశయోక్తి అవసరమూ లేదు.

అప్పట్లో ఏటీపీ అంటే శక్తి ముచ్చటే. అది కణంలో కబుర్లు కూడా మోస్తుందని 1950లలో క్రెబ్స్, ఎడ్మండ్ ఫిషర్ చూపించారు. వాళ్లిద్దరికీ 1992లో నోబెల్ వచ్చింది. ఒక రకం బ్లడ్ క్యాన్సర్‌కు 2001లో అమెరికాలో అనుమతి పొందిన ఇమాటినిబ్ మాత్ర చేసేది కూడా అక్కడే: దారితప్పిన కైనేజ్‌లో ఏటీపీ కూర్చునే సీట్లో ఇది కూర్చుంటుంది.

ఇవేవీ చూడకుండానే సుబ్బారావు 1948లో, 53 ఏళ్లకే పోయాడు. హార్వర్డ్ ఆయనకు పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు. నోబెల్ కూడా రాలేదు. మందు కనిపెట్టినవాళ్ల పేర్లు మనకు గుర్తుంటాయి, కొలత కనిపెట్టినవాళ్లవి ఉండవు. కానీ కొలవడం రాకపోతే ఆ కండలో ఏముందో తెలిసేదే కాదు. రేపు మీ ప్రాక్టికల్స్‌లో రంగు ఆలస్యంగా వస్తే వెంటనే పారబోయకండి, ఎందుకో చూడండి.

వచ్చే ఎపిసోడ్‌లో సుబ్బారావు, ఫోలిక్ యాసిడ్ కథ. ఉంటా మరి.