ఇనుము గొంతు, తోలు గొంతు
చప్పుడు చరిత్ర – 4వ భాగం

దోస్తులారా, ఈసారి హెవీ మెటల్ గురించి. "మనకెందుకన్నా ఈ లొల్లి?" అనకండి. చివరిదాకా చదవండి.

మాది సీతాఫల్‌మండి. 1893లో మొదలైన లాలాగూడ రైల్వే వర్క్‌షాపు మాకు నడిచిపోయే దూరం. మా నాయిన అక్కడ ఖలాసీ. పొద్దంతా ఇనుముతో పని. బస్తీలో చావైనా పండుగైనా డప్పు పట్టేది కూడా ఆయనే. డిగ్రీలో నేనొక పాత గిటార్ కొన్నా. బ్లాక్ సబ్బత్ టోన్ కోసం పెడల్ మీద గెయిన్ మొత్తం తిప్పేశా. తేనెతుట్టె కదిలినట్టు జుయ్యిమన్నది, అంతే.

ఆ టోన్ ఎక్కడ పుట్టిందో తెలిశాకే దారి దొరికింది. టోనీ అయోమీ ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీ కార్మికుడు. 1965లో, పదిహేడేళ్లప్పుడు, పనికి ఆఖరి రోజున మెషిన్ కింద పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం కాబట్టి తీగలు నొక్కేది ఆ చెయ్యే. అప్పుడు ఫోర్‌మన్ జాంగో రైన్‌హార్ట్ రికార్డు వినిపించాడు. జాంగో రోమా జాతి మనిషి. అగ్నిప్రమాదంలో రెండు వేళ్లు పనికిరాకుండా పోయినా గిటార్ వదల్లేదు. అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు టోపీలు చేసుకున్నాడు. వాటి మీద తోలు అతికించాడు. నొప్పి తగ్గాలని సన్న తీగలు కట్టాడు. 1971 నాటి 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'లో చాలా పాటలకు తీగలను మూడు స్వరమెట్లు కిందికి దించాడు. తీగ వదులైంది, గొంతు బరువెక్కింది.

సెట్టింగులు అడిగే తమ్ముళ్లకు: తీగలు మూడు మెట్లు దించండి. బ్రిడ్జి పికప్ వాడండి. గెయిన్ సగం దాటొద్దు, బాస్ తగ్గించి మిడ్ పెంచండి. ఆయన లేనీ వాల్వ్ ఆంప్ ముందు ట్రెబుల్ బూస్టర్ పెట్టేవాడు. అది అడుగు స్వరాల బురదను తగ్గించి ఆంప్‌ను గట్టిగా నెడుతుంది. ఆ చీలికే మెటల్ గొంతు.

నేను కుస్తీ పడుతుంటే నాయిన గుమ్మంలో నిలబడి, "బిగువు చూసుకోకుండ ఎంత కొడితే ఏం లాభం బిడ్డా?" అన్నాడు. నాకు సిగ్గనిపించింది. ఎందుకంటే డప్పు కొట్టేవాడి కొడుకునని ఎవరికీ తెలియకూడదనే నేను గిటార్ పట్టింది.

మన డప్పు చూడండి. చెక్క చట్రానికి చింతగింజల బంకతో మేకతోలు అతికిస్తారు. వాయించే ముందు మంట దగ్గర కాచి తోలు బిగిస్తారు. చిర్ర ఒక చేత, సిటికెన పుల్ల ఒక చేత. వాల్వ్ ఆంప్ కూడా వేడెక్కితేనే మోగుతుంది. అక్కడ తీగ వదులు చేసి, ఇక్కడ తోలు బిగించి గొంతు తెచ్చారు. ఎంత బిగువుకు ఎంత గొంతు అన్న లెక్క మాత్రం ఒక్కటే. దాన్ని కనిపెట్టింది పనిచేసే చేతులే.

తేడా ఎక్కడుంది? అయోమీ లెక్కకు పేరు దక్కింది. తోలును మంటకు చూపిన మొదటి మాదిగ తాత పేరు ఏ పుస్తకంలోనూ లేదు. మెటల్‌ను "గోల" అన్నవాళ్లు తర్వాత చప్పట్లు కొట్టారు. డప్పును మాత్రం ఇంకా "చావు చప్పుడు" అంటున్నారు. అయోమీ గాయం కులం వల్ల వచ్చింది కాదు, అందుకే రెండూ ఒకటే అనను. కానీ ఒకదాన్ని సంగీతమని, ఇంకోదాన్ని మైల అని తూచిన తక్కెడ ఎవరి చేతిలో ఉందో అడుగుతా.

ఇప్పుడు నా గదిలో గిటార్ పక్కనే నాయిన డప్పు వేలాడుతుంది. ఎవరిదని అడిగితే, మాదే అంటా.

వచ్చే భాగంలో చిర్ర దెబ్బల లెక్క. జై భీమ్.