చమురును కాపాడే చిన్న వలయం

పాస్కల్ సూత్రాన్ని వివరించే పాఠ్యపుస్తకాలలో బ్రామా ప్రెస్సు బొమ్మ తరచుగా కనిపిస్తుంది. కాని ఆ బొమ్మలో సాధారణంగా చూపని చిన్న తోలు పట్టీ లేకపోతే ఆ యంత్రం పనిచేసేదే కాదు. నేటి బుల్‌డోజరు ఇంజనులో చమురు కారకుండా ఆపే ‘ఆయిల్ సీలు’కు పూర్వీకుడు ఆ పట్టీయే అనవచ్చు.

కదిలే భాగానికీ, కదలని భాగానికీ నడుమ సందు ఉండక తప్పదు. దానిని మూయటమే సమస్య. 1712లో ఇంగ్లండులో న్యూకొమెన్ నిర్మించిన ఆవిరి యంత్రంలో పిస్టనుకు తోలు అమర్చి, దానిపై నీరు నిలిపేవారు. సిలిండరు ఎప్పుడూ వేడిగా ఉండాలన్న జేమ్స్ వాట్‌కు ఆ నీరు పనికిరాలేదు. ఆయన కొవ్వు పట్టించిన నార కూరవలసి వచ్చింది. నారను గట్టిగా కూరితే రాపిడి పెరిగేది. వదులుగా కూరితే ఆవిరి పోయేది.

1795లో జోసెఫ్ బ్రామా తన ప్రెస్సుకు పేటెంటు పొందాడు. అందులో నీటి పీడనం చాలా ఎక్కువ. ఆయన కర్మశాలలో పనిచేస్తున్న హెన్రీ మాడ్‌స్లే గిన్నెవలె వంచిన తోలు పట్టీతో ఈ చిక్కు విడదీశాడని చెబుతారు. పీడనం పెరిగినకొద్దీ నీరే తోలు అంచును మరింత గట్టిగా అదిమేది. పీడనం తగ్గగానే పట్టు సడలేది. పారిపోజూచే ద్రవమే కాపలాదారు అయింది!

మోటారు ఇంజనులు వచ్చిన తరువాత, వేగంగా తిరిగే క్రాంకు షాఫ్టు వద్ద ఇదే సమస్య ఎదురయింది. చాలా ఇంజనులలో తాడువంటి అల్లిక పట్టీని గాడిలో బిగించేవారు. 1930 ప్రాంతంలో జర్మనీలో లోహపు చట్రం, తోలు పెదవి, దానిని షాఫ్టుకు అదిమే సన్నని స్ప్రింగు గల వలయాలు వచ్చాయి. తోలు అధిక వేడికి పెళుసెక్కేది. సహజ రబ్బరు చమురులో ఉబ్బేది. ఆ దశాబ్దంలోనే చమురుకు చెడని నైట్రైల్ రబ్బరు తయారు కావటంతో క్రమంగా తోలు వెనుకబడింది. 1957లో ఇంకా ఎక్కువ వేడిని తట్టుకొనే ఫ్లోరిన్ రబ్బరు అమ్మకానికి వచ్చింది.

అయినా సీలు అరగక తప్పదు. విచిత్రమేమంటే, మెత్తని రబ్బరు గట్టి ఉక్కును సైతం అరగదీస్తుంది. పెదవి వద్ద చిక్కుకొన్న దుమ్ము ఆకురాయివలె పనిచేసి షాఫ్టుపై గాడి చేస్తుంది. కొత్త సీలు పెదవి ఆ గాడిమీదనే కూర్చుంటే చమురు మళ్లీ కారుతుంది. అందుచేత నేర్పరి మెకానిక్కు షాఫ్టును వేలిగోటితో తడిమి చూస్తాడు. గాడి ఉంటే సీలును కొంచెం జరిపి బిగిస్తాడు, లేదా షాఫ్టుకు పలుచని ఉక్కు తొడుగు వేస్తాడు.

భారీ యంత్రంలో క్రాంకు షాఫ్టు వెనుక సీలును చేరాలంటే గేరుపెట్టెను, ఫ్లైవీలును దించవలసి ఉంటుంది. సీలు వెల స్వల్పం, శ్రమ అధికం. దానిని ఉపేక్షిస్తే చమురు తగ్గి బేరింగులు చెడుతాయి. కొత్త సీలు బిగించేటప్పుడు పెదవి చమురు వైపే తిరిగి ఉండాలి. ఎందుకో తెలియాలంటే మాడ్‌స్లే తోలు పట్టీని జ్ఞాపకం చేసుకుంటే చాలు.